వీధి ఎవరిది, పేరు ఎవరు పెట్టాలి
(స్మారకోపన్యాసం పూర్తి పాఠం)



మాస్టారి స్మారకోపన్యాసానికి నన్ను పిలిచినప్పుడు ఏ విషయం మీద మాట్లాడాలని నేను నిర్వాహకులను అడగలేదు. ఆయన దగ్గర పౌరశాస్త్రం చదువుకున్నవాళ్లకు ఆ సంగతి అడగాల్సిన పని ఉండదు. పాఠం తరగతి గదిలో మొదలయ్యేది, మునిసిపల్ ఆఫీసు వరండాలో పూర్తయ్యేది. రిటైరయ్యాక కూడా కౌన్సిలు సమావేశం ఉందంటే చేతిసంచీలో నోటుబుక్కు పెట్టుకుని వెళ్లి వెనక బల్ల మీద కూర్చునేవారు. రెండు విషయాల్లో ఆయన ఎవరి మాటా వినేవారు కాదు. వీధికి పేరు పెట్టే తీర్మానం ఆ వీధిలో ఉండేవాళ్లకు ముందుగా తెలియాలి. లేఔటులో పార్కుకని వదిలిన స్థలం పార్కుగానే ఉండాలి. ఇవి రెండు వేర్వేరు గొడవలని ఊళ్లో చాలామంది అనుకున్నారు. ఆయన మాత్రం రెండింటినీ ఒకే అర్జీలో రాసేవారు. మునిసిపల్ వ్యాజ్యాలు నడుపుతూ వచ్చిన నాకు, ఆయన అలా ఎందుకు రాసేవారో పోను పోను బోధపడింది. ఈ సాయంత్రం దాని గురించే మాట్లాడతాను.

ముందు చట్టం దగ్గర మొదలుపెడదాం. మన మునిసిపల్ చట్టాలకు రెండు పుట్టిళ్లు ఉన్నాయి. కోస్తా, రాయలసీమ పట్టణాలు మద్రాసు చట్టాల కింద పెరిగాయి. 1920 నాటి మద్రాసు జిల్లా మునిసిపాలిటీల చట్టం, దాని వెనక 1965 నాటి ఆంధ్రప్రదేశ్ మునిసిపాలిటీల చట్టం ఆ వరసలోవి. హైదరాబాదుది 1955 చట్టం, దాని ఒరవడి బొంబాయిది. ఆ తర్వాత విశాఖ, విజయవాడ, గుంటూరు కార్పొరేషన్లయ్యాక అవి కూడా 1955 చట్టం నీడలోకే వచ్చాయి. తెలంగాణలో మిగతా పట్టణాలకు 2019లో కొత్త చట్టం చేసుకున్నారు.

మద్రాసు ఒరవడిలో నాకు నచ్చిన వివేకం ఒకటుంది. కొత్త వీధికి పేరో, నంబరో పెట్టడం కౌన్సిలు విధి. తప్పించుకోవడానికి లేదు. ఉన్న పేరు మార్చడం మాత్రం విధి కాదు. కావాలంటే మార్చవచ్చు, దానికి పై ప్రభుత్వం ఆమోదం కావాలి. అంటే పేరు లేని వీధి ఉండకూడదని, ఉన్న పేరును తేలిగ్గా కదపకూడదని చట్టం రాసినవాళ్లు ఒకే వాక్యంలో అనుకున్నారు. 1888 నాటి బొంబాయి చట్టం ఇంకొంచెం లోతుకు వెళ్లింది. కార్పొరేషన్ మంజూరుతో కమిషనరు పేరు నిర్ణయించాలి. వీధికి రెండు చివర్లా, మలుపుల దగ్గరా అందరికీ కనిపించేలా ఆ పేరు రాయించాలి. ప్రతి ఇంటికీ నంబరు ఇవ్వాలి. ఆ రాతను చెరిపేయడం నేరం. గమనించండి, ఈ నిబంధనల్లో ఎక్కడా మహనీయుల సంస్మరణ అన్న ఊసు లేదు. ఉత్తరం చేరాలి, మంత్రసాని ఇల్లు దొరకాలి, ఫైరింజను దారి తప్పకూడదు. పేరు పుట్టింది ఈ అవసరాల కోసం. గౌరవం తర్వాత వచ్చి చేరింది.

ఇక వీధి ఎవరిది అన్న ప్రశ్న. వీధులు మునిసిపాలిటీకి దఖలు పడతాయని అన్ని చట్టాలూ చెబుతాయి. అలా దఖలు పడ్డ వీధి మీద మునిసిపాలిటీకి ఏపాటి హక్కు ఉంటుందన్న ప్రశ్న, మదురై మునిసిపాలిటీ మీద సుందరం అయ్యర్ వేసిన వ్యాజ్యంలో మద్రాసు హైకోర్టు ముందుకొచ్చింది. ఆ తీర్పు 1902 నాటి మద్రాసు తీర్పుల 25వ సంపుటంలో ఉంది. అప్పట్లో నెల్లూరు, గుంటూరు, విశాఖ అన్నీ ఆ హైకోర్టు పరిధిలోవే. కోర్టు తేల్చిన సారాంశం ఇది: వీధి ఉపరితలం, దాన్ని వీధిగా నిలబెట్టడానికి అవసరమైనంత మేర కింది నేల, పైన ఆకాశం మునిసిపాలిటీ అదుపులో ఉంటాయి. అంతకుమించి ఆ నేల మునిసిపాలిటీకి సొంతం కాదు. గుడి మాన్యానికి ధర్మకర్త ఎలాంటివాడో వీధికి మునిసిపాలిటీ అలాంటిది. సాగు చేయించవచ్చు, కాపాడాలి, లెక్క చెప్పాలి. తనదనుకుని దానమివ్వడానికి వీల్లేదు. నూటపాతికేళ్లు కావస్తున్న ఈ తీర్పును ఇప్పటికీ కోర్టుల్లో ఎత్తి చూపుతుంటాం.

ధర్మకర్త అన్న ఈ ఒక్క మాట పట్టుకుంటే మాస్టారి రెండు గొడవలూ ఒకటైపోతాయి. వీధిలో బండి పెట్టుకోవడానికి ఎవరికి చోటివ్వాలి, కూడలిలో ఎవరి విగ్రహం నిలపాలి, పార్కు స్థలాన్ని ఇంకో పనికి మళ్లించవచ్చా, ఆ వీధిని ఏ పేరుతో పిలవాలి అన్నవన్నీ ప్రజల ఆస్తి మీద ధర్మకర్త తీసుకునే నిర్ణయాలే. అన్నింటికీ ఒకే మర్యాద ఉండాలి. ముందుగా చెప్పాలి, అభ్యంతరాలు వినాలి, కారణం రాయాలి.

పేర్లు నిజంగా ఎలా పుట్టాయో మన గుంటూరులోనే చూద్దాం. 1866లో మునిసిపాలిటీ అయిన ఊరిది. అరండల్‌పేట, బ్రాడీపేట రెండూ తెల్లదొరల పేర్లు. ఆ దొరలు ఎవరో, ఏం చేశారో ఈ హాల్లో చాలామందికి పట్టదు. కానీ ఆ పేటలను గీసినవాళ్లు నిలువునా లైన్లు, వాటిని కోస్తూ అడ్డరోడ్లు వేసి నంబర్లు ఇచ్చారు. ‘బ్రాడీపేట 4/14’ అంటే 4వ లైను, 14వ అడ్డరోడ్డు. కొత్తగా ఊళ్లోకి వచ్చినవాడు కూడా ఎవరినీ అడగకుండా వెళ్లిపోగలడు. మునిసిపల్ చట్టం వీధి పేరు నుంచి కోరిన పనిని ఇంత చక్కగా నెరవేర్చిన పేట మన రాష్ట్రంలో అరుదు.

ఇక సెంటర్ల పేర్లు ఏ కౌన్సిలూ తీర్మానించలేదు. శంకర్ విలాస్ సెంటరుకు ఒక హోటలు పేరు ఇచ్చింది, నాజ్ సెంటరుకు ఒక సినిమా హాలు ఇచ్చింది. విశాఖలో జగదాంబ, సికింద్రాబాదులో ప్యారడైజ్ కూడా అంతే. జనం రోజూ చూసేది, రోజూ కలుసుకునే చోటు, బస్సు ఆగే చోటు పేరైపోయింది. హాలు మూతపడినా పేరు పోలేదు. విజయవాడలో ఏలూరు రోడ్డు కాగితం మీద కార్ల్ మార్క్స్ రోడ్డు, బందరు రోడ్డు మహాత్మాగాంధీ రోడ్డు. కమ్యూనిస్టులు బలంగా ఉన్న ఊరు మార్క్సుకు ఒక రోడ్డు ఇవ్వడంలో వింత లేదు, ఆ ఊరి చరిత్రలో అదొక పేజీ. అయినా ఆటో ఎక్కినవాడు ఏలూరు రోడ్డనే అంటాడు, ఎందుకంటే అది ఏలూరు వెళ్తుంది. ఆ పేరులో దారి ఉంది. సికింద్రాబాదులో జేమ్స్ స్ట్రీట్ మహాత్మాగాంధీ రోడ్డయింది, కింగ్స్‌వే రాష్ట్రపతి రోడ్డయింది. కంటోన్మెంటు నీడ నుంచి బయటపడ్డ ఊరు ఆ పేర్లు వదిలించుకోవడం న్యాయమే. జేమ్స్ స్ట్రీట్ అన్న పాత పేరు ఎంఎంటీఎస్ రైల్వేస్టేషను బోర్డు మీద ఇప్పటికీ మిగిలే ఉంది.

మద్రాసు త్యాగరాయ నగర్ కథ మనకు దగ్గరది. 1920లలో, జస్టిస్ పార్టీ అధికారంలో ఉన్న రోజుల్లో, లాంగ్ ట్యాంక్ అనే పెద్ద చెరువు నేల మీద ఆ పేట లేచింది. పేట పేరు పిట్టి త్యాగరాయ శెట్టిది. ఆయనది తెలుగు కుటుంబం. నడిమధ్య పార్కు పానగల్లు రాజా పేరిట ఉంది. ఆయన కాళహస్తికి చెందిన పానుగంటి రామారాయణింగారు, అప్పటి మద్రాసు ప్రధానమంత్రి. ఉస్మాన్ రోడ్డు, డాక్టర్ నాయర్ రోడ్డు ఆ పార్టీ వాళ్లవే. అధికారంలో ఉన్న పార్టీ తన పెద్దల పేర్లు కొత్త పేటకు పెట్టుకోవడం ఇప్పుడు పుట్టిన అలవాటు కాదని చెప్పడానికే ఇదంతా చెబుతున్నాను. చెరువును పూడ్చడం తప్పని ఇవాళ మనం అనవచ్చు, అంటాను కూడా. కానీ వాళ్లు పేర్లతోపాటు పార్కు గీశారు, వెడల్పాటి రోడ్లు గీశారు, పార్కు చుట్టూ దారులు తీశారు. వందేళ్లయినా పానగల్ పార్కు పార్కుగానే ఉంది. మనవాళ్లు ఇచ్చే పేర్లకు వెనక అలాంటి స్థలం ఎంత ఉంటోంది? ఉన్న రోడ్డుకే కొత్త ఫలకం. ఆ ఫలకం కిందే పొంగే డ్రైను.

పేరు మార్పిడి గురించి కేంద్ర హోంశాఖ 1975 సెప్టెంబరు 27న ఢిల్లీకి సంబంధించి ఒక మార్గదర్శక లేఖ ఇచ్చింది. వీధుల పేర్లు మారిస్తే పోస్టాఫీసు మొదలు పౌరుడి దాకా గందరగోళపడతారని, ఊరికి చరిత్ర జ్ఞాపకం తెగిపోతుందని, కాబట్టి పాత పేర్లను కదపకుండా కొత్త వీధులకే కొత్త పేర్లు పెట్టుకోవాలని దాని సారం. నలభై ఏళ్ల తర్వాత, 2015 ఆగస్టులో, న్యూఢిల్లీ మునిసిపల్ కౌన్సిల్ ఔరంగజేబ్ రోడ్డును ఏపీజే అబ్దుల్ కలాం రోడ్డుగా మార్చింది. 2016లో రేస్‌కోర్స్ రోడ్డు, 2022లో రాజ్‌పథ్ పేర్లు మారాయి. కలాం గారి మీద గౌరవం లేనివాళ్లు ఎవరున్నారు? కొత్తగా వేసే ఒక విశాలమైన రోడ్డుకు ఆయన పేరు పెట్టి ఉంటే ఆ గౌరవం ఎవరినీ తోసేయకుండా నిలిచేది.

మన దగ్గరి తాజా ఉదాహరణ హైదరాబాదుది. 2025 డిసెంబరులో తెలంగాణ ప్రభుత్వం అమెరికా కాన్సులేట్ పక్క రోడ్డుకు డొనాల్డ్ ట్రంప్ పేరును, రావిర్యాల దగ్గర మొదలయ్యే కొత్త రేడియల్ రోడ్డుకు రతన్ టాటా పేరును ప్రతిపాదించింది. గూగుల్, మైక్రోసాఫ్ట్ లాంటి కంపెనీల పేర్లూ ఆ జాబితాలో చేరాయి. పెట్టుబడులు రావాలన్న ఆశను నేను తప్పుపట్టను. కానీ పదవిలో ఉన్న ఒక పరాయి దేశాధ్యక్షుడి పేరు, వ్యాపారం చేస్తున్న ఒక కంపెనీ పేరు మన వీధికి తగవని గట్టిగా నమ్ముతాను. కంపెనీ రేపు ఇంకొకరి చేతికి వెళ్లవచ్చు, అధ్యక్షుడు దిగిపోతాడు, రోడ్డు ఉంటుంది. బతికున్నవాళ్ల పేర్లు పెట్టకూడదన్న కట్టుబాటు ఒకటి రాతపూర్వకంగా ఉండాలి. పేరు కోసం పోటీ ఎంత దూరం పోతుందో మనం విజయవాడలో చూశాం. 1986లో పుట్టిన ఆరోగ్య విశ్వవిద్యాలయానికి 2022లో ఎన్టీఆర్ పేరు తీసి వైఎస్సార్ పేరు పెట్టారు, 2024లో మళ్లీ ఎన్టీఆర్ పేరు తెచ్చారు. రెండుసార్లూ చట్టసభలో మెజారిటీ ఉంది, చట్టప్రకారమే జరిగింది. ఆ విశ్వవిద్యాలయం పట్టా చేతిలో పట్టుకుని విదేశాల్లో ఉద్యోగానికి దరఖాస్తు పెట్టే నర్సును ఎవరూ అడగలేదు.

మార్చి తీరాల్సిన పేర్లు లేవా అంటే ఉన్నాయి. కులం పేరుతో ఉన్న వాడలు, వీధులు. ఊరి చివర ఫలానా పల్లె, ఫలానా గూడెం అని మనిషిని చిరునామాతోనే విడదీసే పేర్లు. ఉద్యోగానికి దరఖాస్తు రాసే పిల్లవాడు ఆ గడి దగ్గర కలం ఆపుకునే పేర్లు. తమిళనాడు 1970ల చివర్లోనే వీధి పేర్ల నుంచి కులం తీసేయమంది, 2025 అక్టోబరులో మరోసారి ఉత్తర్వు ఇచ్చింది. మహారాష్ట్ర మంత్రివర్గం 2020 డిసెంబరులో అదే నిర్ణయం చేసింది. మన రెండు రాష్ట్రాల్లోనూ ఈ పని జరగాలి. అయితే కొత్త పేరు ఏమిటన్నది ఆ వాడలోవాళ్లే తేల్చుకోవాలి. వాళ్లకు తెలియకుండా ఒక నాయకుడి పేరు తెచ్చి అతికిస్తే వాళ్లను మరోసారి పక్కన పెట్టినట్టే. ఆ తీర్మానంతోపాటు ఆ వాడకు సిమెంటు రోడ్డు, మంచినీటి కుళాయి, వీధిదీపం మంజూరయ్యాయా అని కూడా అడగాలి. పేరు మారి బురద అలాగే ఉంటే, కులం ఆ బురదలోనే ఉంటుంది.

గుంటూరులో జిన్నా టవర్ గురించి మాట్లాడకుండా ఈ ఊళ్లో ఈ విషయం ముగించలేం. స్వాతంత్ర్యానికి ముందు కట్టిన ఆ స్తూపం పేరు మార్చాలని కొన్నేళ్ల కిందట పెద్ద రగడ జరిగింది. 2022 ఫిబ్రవరిలో దానికి మువ్వన్నెల రంగు వేశారు. పేరు నిలిచింది. మహాత్మాగాంధీ రోడ్డు మీద జిన్నా పేరిట ఒక స్తూపం ఉండటం ఈ ఊరి గతంలోని ఒక ఘట్టం. దాన్ని చెరిపితే ఆ ఘట్టం జరగనట్టు కాదు. ఆ పేరు ఉండాలనే నేను కోరుకుంటాను.

ఇప్పుడు విగ్రహాల దగ్గరికి వస్తాను. మన పట్టణాల్లో వీధి పేర్ల కంటే ఇదే పెద్ద సమస్య. కేరళలో నెయ్యాట్టింకర దగ్గర రోడ్డు మీద ఒక నాయకుడి విగ్రహానికి ఇచ్చిన అనుమతి సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2013 జనవరి 18న కోర్టు దేశమంతటికీ వర్తించే ఉత్తర్వు ఇచ్చింది. రోడ్లు, పేవ్‌మెంట్లు, ప్రజోపయోగ స్థలాల్లో విగ్రహాలకు, కట్టడాలకు అనుమతి ఇవ్వరాదు. వీధిదీపాలు, ట్రాఫిక్ అవసరాల వంటివాటికి మాత్రం మినహాయింపు. అదే ఏడాది ఫిబ్రవరిలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆ మేరకు ఉత్తర్వు తెచ్చింది. ఆ తర్వాత మన కూడళ్లలో లేచిన విగ్రహాలను మీరే లెక్కపెట్టుకోండి. రాత్రికి రాత్రే దిమ్మె లేస్తుంది, తెల్లారేసరికి విగ్రహం నిలబడుతుంది. తీయబోతే ఒక కులమో పార్టీయో అవమానమని రోడ్డెక్కుతుంది. ధర్మకర్త చేతులు ముడుచుకుంటాడు.

విగ్రహం మీద నాకు వ్యతిరేకత లేదు. 1986లో హైదరాబాదు ట్యాంక్‌బండ్ మీద నిలిపిన 33 విగ్రహాలు ఒక తరం తెలుగు పిల్లలకు బొమ్మల కొలువులాంటి చరిత్ర పాఠం. ఆ విగ్రహాల్లో కొన్ని 2011 మార్చి 10న, తెలంగాణ ఉద్యమపు మిలియన్ మార్చ్ రోజున, ధ్వంసమయ్యాయి. అప్పుడు బాధపడ్డవాళ్లలో నేనొకణ్ని. కానీ ఎవరి విగ్రహాలు పెట్టాలని 1986లో ఏ బహిరంగ చర్చ జరిగింది? తమవాళ్లు లేరనుకున్న ప్రాంతం ఇరవై అయిదేళ్లు ఆ వరుసను చూస్తూ నడిచింది. ధ్వంసాన్ని ఖండించినవాళ్లం ఈ ప్రశ్ననూ తప్పించుకోకూడదు.

విజయవాడ స్వరాజ్ మైదానం ఇంకో రకం. పాతవాళ్లు పీడబ్ల్యూడీ గ్రౌండ్స్ అంటారు. సభలు, ఎగ్జిబిషన్లు, ఏటా పుస్తక మహోత్సవం జరిగిన నేల. 2024 జనవరి 19న అక్కడ 81 అడుగుల పీఠం మీద 125 అడుగుల అంబేద్కర్ విగ్రహం ఆవిష్కరించారు. రాజ్యాంగం రాసినవాడి విగ్రహం ఊరి నడిబొడ్డున ఉండటం ఊరికి గౌరవం, ఆ గౌరవం తగ్గాలని నేను కోరను. అడిగేది ఒక్కటే. ఆ మైదానంలో ఏటా పుస్తకాల స్టాళ్లు వేసుకున్నవాళ్లు, సభలు పెట్టుకున్న సంఘాలు, పొద్దున్నే నడకకు వచ్చినవాళ్లు, వీళ్లందరికీ వేరే చోటు ఎక్కడన్న ప్రశ్న నిర్ణయానికి ముందు రావాలి కదా? చర్చించి, అభిప్రాయాలు విని నిర్ణయించడమనే పద్ధతిని మనకు నేర్పిందే అంబేద్కర్.

సభల మాట వచ్చింది కాబట్టి ఆ హక్కు సంగతి. వీధుల్లో సభ పెట్టుకోవడాన్ని ప్రభుత్వం క్రమబద్ధం చేయవచ్చు, మొత్తానికి మూసేయలేదని హిమ్మత్‌లాల్ షా వ్యాజ్యంలో 1972లోనే సుప్రీంకోర్టు చెప్పింది. 2022 డిసెంబరు 28న కందుకూరులో రోడ్డు మీది సభలో తొక్కిసలాట జరిగి 8 మంది చనిపోయారు. నాలుగు రోజులకే, జనవరి 1న, మన గుంటూరులో కానుకల పంపిణీలో ముగ్గురు మహిళలు ప్రాణాలు కోల్పోయారు. ఆ మర్నాడే ప్రభుత్వం జీవో నంబర్ 1 తెచ్చి రోడ్ల మీద సభలను దాదాపుగా నిషేధించింది. ఆ మేలో హైకోర్టు దాన్ని కొట్టేసింది. హైదరాబాదులో ఇందిరా పార్కు ధర్నా చౌక్ మూసివేత మీద కూడా ఇలాంటి పోరాటమే జరిగింది. పోయిన ప్రాణాలకు బాధ్యులు ఉండాలి, ఇరుకు సందులో సభకు అనుమతి ఇచ్చినవాళ్లు జవాబు చెప్పాలి. దాని మందు సభలే వద్దనడం కాదు. ఊరికి సభలు పెట్టుకునే మైదానాలు మిగల్చడం. మైదానాలన్నీ వేరే అవసరాలకు మళ్లించి, సభలను సందుల్లోకి నెట్టి, అక్కడ తొక్కిసలాట జరిగితే సభలను నిషేధించే తీరు చూస్తే మాస్టారు ఏమనేవారో ఇక్కడ ఉన్నవాళ్లకు చెప్పక్కర్లేదు.

వీధి మీద అందరికంటే ఎక్కువ కాలం గడిపేది తోపుడు బండివాళ్లు. ఫుట్‌పాత్ ఖాళీ చేయాలంటే ముందు వాళ్లనే తోస్తారు. వీధి వ్యాపారం వృత్తి, వ్యాపార స్వేచ్ఛ హక్కులో భాగమని 1989లో సోదన్ సింగ్ వ్యాజ్యంలో సుప్రీంకోర్టు గుర్తించింది. 2014లో పార్లమెంటు వీధి వ్యాపారుల చట్టం చేసింది. ప్రతి పట్టణంలో వెండింగ్ కమిటీ ఉండాలి. అందులో 40 శాతం వ్యాపారులే ఉండాలి, వాళ్లలో మూడోవంతు మహిళలు. అయిదేళ్లకోసారి సర్వే జరగాలి. సర్వే పూర్తయ్యేదాకా ఎవరినీ ఖాళీ చేయించకూడదు. యాభై ఏళ్లకు పైగా నడుస్తున్న సంతను వారసత్వ మార్కెట్‌గా ప్రకటించాలి. మన పట్టణాల్లో ఈ కమిటీలు ఏడాదికి ఎన్నిసార్లు కూర్చుంటున్నాయో మీ కార్పొరేటర్లను అడగండి.

నడిచేవాడికీ బండివాడికీ పోటీ పెట్టి మనం వినోదం చూస్తున్నాం. 2025 మేలో సుప్రీంకోర్టు ఫుట్‌పాత్ మీద నడిచే హక్కు జీవించే హక్కులో భాగమని ప్రకటించింది. నివాస ప్రాంతంలో అడ్డంకి లేని ఫుట్‌పాత్ కనీసం 1.8 మీటర్లు, వ్యాపార ప్రాంతంలో 2.5 మీటర్లు ఉండాలని ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ కొలతలు. ఒకరోజు అరండల్‌పేటలో నడిచి చూడండి, దారి తప్పించేవి ఏమిటో రాసుకోండి. ట్రాన్స్‌ఫార్మర్ దిమ్మె, దుకాణం ముందు పోసుకున్న ర్యాంపు, ఆపి ఉంచిన కార్లు, ఆసుపత్రి జనరేటరు, పుట్టినరోజు శుభాకాంక్షల ఫ్లెక్సీ పాతిన గుంజలు. ఇవన్నీ అలాగే ఉంటాయి, సాయంత్రం మిరపకాయ బజ్జీల బండి మాత్రం ఆక్రమణ అవుతుంది. 2019లో చెన్నైలో రోడ్డు మధ్యన కట్టిన ఫ్లెక్సీ మీద పడి, వెనక వచ్చిన లారీ కింద 23 ఏళ్ల ఇంజినీరు చనిపోయింది. ఆ ఫ్లెక్సీ ఒక నాయకుడి ఇంటి పెళ్లిది. బహిరంగ స్థలాలను వికారం చేయడాన్ని నేరంగా చెప్పే చట్టం మనకు 1997 నుంచీ ఉంది. పేదవాడి మీద మాత్రం నిబంధనలు అమలై, పెద్దవాడి మీద ఆగిపోతే, ధర్మకర్త ఎవరి తరఫున పనిచేస్తున్నట్టు?

పార్కుల గురించి చివరగా. లేఔటులో పదిశాతం నేల ఖాళీగా వదిలి, దాన్ని గిఫ్టు డీడు ద్వారా స్థానిక సంస్థకు అప్పగించాలన్నది మన నిబంధన. చాలాచోట్ల ప్లాటు కొన్నవాళ్లు ఆ డీడు ఎక్కడుందో ఎన్నడూ చూడరు. పదేళ్లు గడిచాక ఆ నేల మీద ఏదో లేస్తుంది. కమ్యూనిటీ హాలంటారు, గుడంటారు, వార్డు ఆఫీసంటారు, లేదా ఎవరో సొంతం చేసుకుంటారు. గుడి అన్నప్పుడు ఎవరూ నోరెత్తరు. బహిరంగ స్థలాల్లో అనుమతి లేకుండా ఏ మత కట్టడమూ రాకూడదని 2009 సెప్టెంబరు 29న సుప్రీంకోర్టు ఉత్తర్వు ఉన్నా అంతే. బెంగళూరులో పార్కుకని వదిలిన స్థలాన్ని ఒక ప్రైవేటు నర్సింగ్ హోమ్‌కు ఇచ్చినప్పుడు, కాలనీవాసులు కోర్టుకు వెళ్లి గెలిచారు. 1991 నాటి ముద్దప్ప తీర్పు అది. ముఖ్యమంత్రి చెప్పినా సరే, అభివృద్ధి ప్రాధికార సంస్థ ఆ స్థలాన్ని మళ్లించలేదని కోర్టు అంది. ఆసుపత్రి మంచిదే, కానీ పార్కు నేలలో కాదు. మాస్టారు ఆ తీర్పు జిరాక్సు కాపీని సంచీలోనే పెట్టుకుని తిరిగేవారు. ఆయన కాలనీ స్థలం నిలబడింది. ఎన్ని కాగితాలు నడిపితే నిలబడిందో ఆయన భార్యగారికి తెలుసు, వారు ముందు వరుసలోనే ఉన్నారు.

ఇప్పుడు చేయాల్సింది చెబుతాను. వీధిని శాశ్వతంగా మూసేయాలంటే 1888 నాటి బొంబాయి చట్టం ఒక షరతు పెట్టింది. కౌన్సిలు ఆ విషయం తేల్చే సమావేశానికి కనీసం నెల ముందు ఆ వీధిలోనే కమిషనరు సంతకంతో నోటీసు అంటించాలి. వీధి పేరు పెట్టడానికీ, మార్చడానికీ, కూడలిలో కట్టడానికీ, పార్కు స్థలం వాడుకకూ ఇదే షరతు వర్తింపజేయాలని నా కోరిక. ఇప్పుడు జరుగుతున్నది ఏమిటి? పేర్ల తీర్మానాలు ఎక్కువగా టేబుల్ ఎజెండాలో వస్తాయి. ముందురోజు దాకా సభ్యులకే తెలియదు, చప్పట్ల మధ్య ఆమోదం పొందుతాయి. కౌన్సిళ్లే లేని కాలం ఇంకా ఘోరం. గుంటూరు కార్పొరేషన్‌కు 2010 నుంచి 2021 దాకా ఎన్నికైన పాలకమండలి లేదు. విశాఖకు 2012 నుంచి 2021 దాకా లేదు. ధర్మకర్తను ఎన్నుకోకుండా అన్నేళ్లు ఊరి వీధులు ప్రత్యేకాధికారుల చేతిలో ఉన్నాయి. మూడు లక్షలకు పైబడ్డ జనాభా ఉన్న పట్టణాల్లో వార్డు కమిటీలు ఉండాలని 74వ సవరణ చెప్పి మూడు దశాబ్దాలు దాటింది. వీధి పేరు లాంటి చిన్న విషయంతోనే ఆ కమిటీలు పని మొదలుపెట్టవచ్చు. చిన్న విషయమే కానీ అందరికీ అభిప్రాయం ఉంటుంది, కుర్చీలు నిండుతాయి.

ప్రతి పట్టణానికీ రెండు రిజిస్టర్లు కావాలి. మొదటిది వీధుల రిజిస్టరు. ఇప్పటి పేరు, జనం పిలిచే పేరు, పాత పేరు, ఏ తీర్మానంతో మారింది, బోర్డు ఉందా అన్నవి అందులో ఉండాలి. జనం పిలిచే పేరునూ అధికారికంగా బోర్డు మీద రాయాలి, పెద్ద పేరు కింద బ్రాకెట్లోనైనా సరే. రెండోది ఖాళీ స్థలాల రిజిస్టరు. లేఔటు నంబరు, విస్తీర్ణం, గిఫ్టు డీడు నంబరు, ఇప్పుడు ఆ స్థలంలో ఏముంది అన్నవి. సమాచార హక్కు చట్టం 4వ సెక్షను ప్రకారం ఇలాంటి వివరాలు అడగకుండానే బయటపెట్టాలి. అడిగినా ఇవ్వకపోతే అప్పీలు చేసుకునే దారి ఉంది. ఆ దారిలో మాస్టారు చాలాసార్లు నడిచారు.

ఈ రెండు రిజిస్టర్లు కోరుతూ ఆయన శిష్యులు కొందరు ఒక అర్జీ రాశారు. చదివాను, చట్టం రీత్యా సరిగ్గా ఉంది. ఒక్క మార్పు చేయించాను. ‘పార్కుల జాబితా’ అని ఉన్నచోట ‘పార్కులు, ఆటస్థలాలు, లేఔటు ఖాళీ స్థలాలు’ అని విడివిడిగా రాయించాను, లేకపోతే పార్కు అన్న బోర్డు ఉన్నవాటినే లెక్కచెప్పి ఊరుకుంటారు. అర్జీ ప్రతులు ద్వారం పక్కన బల్ల మీద ఉన్నాయి. సంతకం పెట్టేవాళ్లు వార్డు నంబరు, మీ వీధిని మీరు పిలిచే పేరు కూడా రాయండి. సోమవారం గ్రీవెన్సులో అందజేస్తారు.